పెంకుటింటికి కలపతో గది కలిపేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గోదావరి డెల్టాలో పాత పెంకుటింటికి కలపతో గదినో వసారానో కలపదలచినవారు సంక్రాంతి తరువాత పని మొదలుపెట్టి, మే నెలాఖరులోగా కప్పు పూర్తయ్యేలా చూసుకోవాలి. జూన్‌లో నైరుతి వానలు దిగుతాయి, జూలై, ఆగస్టుల్లో నదికి వరద వస్తుంది, అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం ఉంటుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో ఇళ్లకూ కొబ్బరితోటలకూ చేసిన నష్టాన్ని పెద్దవారు ఇంకా మరచిపోలేదు. కొత్త కప్పు పూర్తికాకముందే పాత గోడను పగలగొట్టరాదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పాతదీ కొత్తదీ కలిసే చోట ఉంటుంది. ఖర్చు కలిసివస్తుందని పాత గోడకు రంధ్రాలు చేసి కొత్త వాసాల కొసలను అందులో దూర్చడం పల్లెల్లో మామూలే, కాని అది మంచి పద్ధతి కాదు. సున్నంతోనో మట్టితోనో కట్టిన గోడ ఏనాడో కుదురుకొని ఉంటుంది. కొత్త కట్టడమేమో వానకు ఉబ్బి, వేసవికి బీటలు తీసే బంకమట్టి నేల మీద ఇంకా కుంగుతూ ఉంటుంది, కనుక రెండింటినీ బిగిస్తే గోడ చీలుతుంది, లేదా కప్పు వంగుతుంది. కొత్త భాగానికి విడిగా స్తంభాలు నిలబెట్టి, గోడకు కొద్దిగా ఎడం ఉంచి, ఆ ఎడాన్ని పైనుంచి జింకుపూత రేకుతో కప్పాలి. రేకు పై అంచును గోడలో గాడి తీసి బిగించి, కింది అంచును వదులుగా విడవాలి. ద్వారం కోసం గోడ తీసేటప్పుడు, ఆ గోడ మోస్తున్న దూలానికి ముందుగానే ఆనుడు పెట్టాలి. మండువాను మూసి గదిగా మార్చాలనుకొనేవారు నాలుగు వైపుల చూరు నీరూ అక్కడికే దిగుతుందని గుర్తుంచుకొని, ముందు ఆ నీటికి బయటికి దారి చూపాలి.

కలప కొనేటప్పుడు ధర కన్నా ఆరుదల ముఖ్యం. 20 శాతం మించి తేమ ఉన్న చెక్కకు కుళ్లు పట్టవచ్చు, బిగించాక ఎండి మెలిపడనూవచ్చు. తేమ మీటరు పెట్టి చూపించమని అడితిలో అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పాత తాటి దూలాలను మళ్లీ వాడుకోవచ్చు, అయితే తాటిమానుకు చేవ వెలుపలి అంచు చుట్టూనే ఉంటుంది కనుక వాటిని చెక్కి సన్నం చేయరాదు. చిన్న రంధ్రాల నుంచి కొత్తగా పిండి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉన్నట్టు.

స్తంభాన్ని మట్టిలో పాతిపెట్టక, కాంక్రీటు దిమ్మ మీద నిలిపితే చెదలు కట్టే మట్టిదారి కంటికి కనబడుతుంది. అంతర్వేది వంటి సముద్రతీర గ్రామాల్లో మామూలు మేకులు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి, జింకుపూత ఉన్నవాటినే వాడాలి.

తుపాను గాలి కప్పును పైకి లాగి ఎత్తివేస్తుంది; మూడు వైపులా తెరిచిన వసారాకైతే లోపలి నుంచి తోపుడు కూడా తోడవుతుంది. అందుచేత వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని దిమ్మకు ఇనుప పట్టీలతో, బోల్టులతో వరుసగా బంధించాలి. పెంకుల బరువే కప్పును ఆపుతుందన్న నమ్మకం మీద ఈ బంధాలను వదిలేయరాదు.

పని వానల్లోకి జారిపోతే, లంక గ్రామాలవారు ధవళేశ్వరం వద్ద ఇచ్చే వరద హెచ్చరికలను గమనిస్తూ ఉండాలి. ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది ఇస్తారు. మొదటిది వెలువడగానే పేర్చిన కలపను ఏటిగట్టు మీదికి చేర్చాలి, రెండవదాని దాకా ఆగితే బండి వెళ్లే దారి ఉండకపోవచ్చు.