రెండు పగటి నిద్రల నుంచి ఒక్క నిద్రకి పిల్లల్ని మెల్లగా ఎలా మార్చాలి

ఏడాది దాటాక చాలామంది పిల్లలు పగలు రెండో నిద్రకి పేచీ పెట్టడం మొదలుపెడతారు, పక్క మీద పడుకోబెడితే లేచి కూర్చుంటారు, ఎంత జోకొట్టినా కళ్ళు మూయరు, దాంతో ఇంట్లోవాళ్ళకి వచ్చే మొదటి ఆలోచన ఏంటంటే సరే ఇక ఆ నిద్ర మానేద్దాం అని. కొంచెం ఆగండి. పడుకోను అంటున్నారంటే నిద్ర అక్కర్లేదని కాదు. ఒక్కసారిగా మానేస్తే సాయంత్రం ఏడుపులు, రాత్రి మాటిమాటికీ లేవడం, తెల్లవారుజామున 5 గంటలకే లేచి కూర్చోవడం, ఇవన్నీ మొదలవుతాయి.

ముందు మీ పాప గానీ బాబు గానీ నిజంగా రెడీగా ఉన్నారా లేదా చూడండి. ఎక్కువమంది 13 నుంచి 18 నెలల మధ్య ఒక్క నిద్రకి వస్తారు. సరిగ్గా ఏడాది దగ్గర నడక, మాటలు వస్తున్న టైంలో కూడా కొన్నాళ్ళు నిద్ర ఎగ్గొడతారు, అది చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది, అందుకే రెండు రోజులు పడుకోలేదని టైంటేబుల్ మొత్తం మార్చెయ్యకండి. వారం పది రోజులకి పైగా రోజూ ఇదే వరస అయితే, అంటే పొద్దున నిద్ర బాగానే పోయి రెండో దానికి అస్సలు ఒప్పుకోకపోయినా, లేదా రెండూ పడుకుని రాత్రి 9 దాటినా హుషారుగా ఆడుతున్నా, అప్పుడు మార్పు టైం వచ్చినట్టే. ఇంకోటి, మెలకువగా ఐదు గంటలు ఉన్నా పెద్దగా చిరాకుపడట్లేదంటే అది కూడా మంచి గుర్తు.

ఒకటి నుంచి రెండేళ్ళ పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. పగలు తగ్గితే ఆ తగ్గినదాంట్లో కొంతైనా రాత్రికి చేరాలి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మెలకువగా ఉన్నకొద్దీ ఒంట్లో నిద్ర ఒత్తిడి, అంటే పడుకోవాలన్న అవసరం, పెరుగుతూ వస్తుంది, పడుకోవాల్సిన టైం దాటిపోయి బాగా అలిసిపోతే పడుకోవడం తేలికవ్వాల్సింది పోయి ఇంకా కష్టమవుతుంది, గెంతులు వేస్తారు, దేనికీ ఊరుకోరు, చూసేవాళ్ళు అబ్బో ఇంకా ఎంత ఓపికుందో అనుకుంటారు గానీ అది ఓపిక కాదు అలసటే.

ఇప్పుడు చేసే పద్ధతి. రెండో నిద్రని తీసెయ్యడం కాదు, పొద్దున నిద్రని మెల్లగా మధ్యాహ్నానికి జరపాలి. ఇప్పుడు 9:30కి పడుకుంటున్నారనుకోండి, రెండు మూడు రోజులు 9:45కి, తర్వాత 10కి, అలా ఒక్కోసారి 15 నిమిషాలు, తట్టుకోగలిగితే 20 నిమిషాలు జరుపుకుంటూ 12 లేదా 12:30 దాకా తీసుకురండి. దీనికి నెల దాకా పట్టొచ్చు, తొందరేం లేదు. 10 దాటాక కళ్ళు నులుముకోవడం మొదలెడితే బయటికి తీసుకెళ్ళండి, వెలుతురు, గాలి తగిలితే కాసేపు తేరుకుంటారు, లేదా నీళ్ళతో ఆడుకోనివ్వండి. ఆ టైంలో కారులో మాత్రం తిప్పకండి, ఐదు నిమిషాలు కునుకు పడితే చాలు అసలు నిద్ర పాడైపోతుంది. భోజనం కూడా ముందుకి జరపాలి, 11:30కల్లా పెట్టేస్తే ఆకలికి మధ్యలో లేవరు.

అన్నిటికంటే కష్టం మధ్యలో వచ్చే దశ, 11కి పడుకుని 12కి లేచిపోతారు చూడండి, అక్కడి నుంచి రాత్రి దాకా లాగడం వాళ్ళ వల్ల కాదు. అలాంటి రోజు రెండు దార్లు ఉన్నాయి, 3 గంటలప్పుడు ఓ 15, 20 నిమిషాలు కునుకు తియ్యనిచ్చి లేపెయ్యండి, లేదంటే రాత్రి పడుకునే టైం ముందుకి తెచ్చి 6:30కే పడుకోబెట్టండి. నా ఓటు రెండోదానికే. అంత తొందరగా పడుకోబెడితే తెల్లారకుండానే లేస్తారని పెద్దవాళ్ళు భయపడతారు గానీ, అలిసిపోయిన పిల్లలు సాధారణంగా పగలు తగ్గిన నిద్రని కూడా కలుపుకుని పడుకుంటారు. కొన్ని వారాల తర్వాత పగటి నిద్ర రెండు గంటలకి పెరిగాక మళ్ళీ మామూలు టైంకి జరుపుకోవచ్చు.

మొదట్లో ఆ ఒక్క నిద్ర గంటకే తెగిపోతుంటే వెంటనే ఎత్తేసుకోకండి. గది చీకటిగా ఉంచి కొన్ని నిమిషాలు ఆగితే మళ్ళీ పడుకునే ఛాన్స్ ఉంది. ఏడుస్తుంటే మాత్రం వెళ్ళి పక్కన ఉండండి, కాసేపు నిమిరి చూడండి, లేచేస్తే లేచేశారు, ఆ రోజు రాత్రి ముందే పడుకోబెట్టండి అంతే. పగటి నిద్ర బాగా లేటుగా మాత్రం సాగనివ్వకండి, లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా నాలుగైదు గంటలైనా గ్యాప్ ఉండాలి.

కొన్ని రోజులు ఒకటి, కొన్ని రోజులు రెండు పడుకుంటే కంగారుపడకండి, చాలామంది పిల్లలు అలాగే మారతారు. జ్వరం వచ్చినా, రాత్రి సరిగ్గా పడుకోకపోయినా ఆ రోజుకి రెండు నిద్రలు ఇచ్చేయండి, చేసిందంతా ఏం పోదు. డేకేర్‌లో ఉంటే అక్కడ ఎన్నింటికి పడుకోబెడుతున్నారో కనుక్కుని సెలవు రోజుల్లో కూడా దాదాపు అదే టైం పెట్టండి. రోజూ గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరికి ఇబ్బంది పడుతున్నట్టు కనిపించినా అది టైంటేబుల్ విషయం కాదు, పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఆ మిగిలిన ఒక్క నిద్ర కూడా పోయేది ఎక్కువమందికి మూడు నుంచి ఐదేళ్ళ మధ్యలో. రెండేళ్ళకే వద్దంటే దాదాపుగా అది కొన్నాళ్ళ మొండితనమే, కాబట్టి రోజూ అదే టైంకి పడుకోబెడుతూనే ఉండండి. నిజంగా మానేశాక కూడా మధ్యాహ్నం ఓ ముప్పావుగంట టీవీ, ఫోన్ లేకుండా పుస్తకాలు, బొమ్మలతో గదిలో నెమ్మదిగా గడిపేలా అలవాటు చెయ్యండి, పడుకోవాలనిపించిన రోజు వాళ్ళే పడుకుంటారు.