చెలక నేలలో పన్నీరు గులాబీ: సాగు, బట్టీ

నూనె మీద ఆశ పెట్టుకునే ముందు లెక్క చూసుకోండి. కిలో గులాబీ నూనెకు 3,500 నుంచి 4,000 కిలోల పువ్వు కావాలి. 10 కిలోలకు వచ్చేది రెండు మూడు గ్రాములే, అదీ పువ్వును ఉడికించి ఆవిరి పట్టే చిన్న బట్టీలో పాత్ర గోడలకే అంటుకుపోతుంది. ఎకరం, అరెకరం వాళ్లు పన్నీరు తీయడమే మేలు. పరిమళంలో పెద్ద భాగం ఎలాగూ నీళ్లలోనే కరుగుతుంది.

డమాస్క్ గులాబీ ఏడాదికి ఒక్కసారే, చలి తగిలాక పూస్తుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ ఎండలకు పలుమార్లు పూసే ఎడ్వర్డ్ గులాబీ నయం. దండల గులాబీతో బట్టీ పెడితే ఉడికిన ఆకు వాసనే మిగులుతుంది.

ఎర్రచెలకలో 6 అడుగులకు 4 అడుగుల ఎడంతో అడుగున్నర గుంతలు తీయండి. ఎకరాకు సుమారు 1,800 మొక్కలు పడతాయి. గుంతకు 5 కిలోల మాగిన పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి వేయాలి. నల్లరేగడిలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడతాయి. ఆ బోరు కింద గులాబీ వద్దు. వానలు తగ్గాక మొక్కను మోకాలెత్తుకు కత్తిరించి, కోతలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి, పూయకపోతే కొమ్మ పైనుంచి ఎండుతుంది. పూత మొదలయ్యాక బూడిద తెగులుకని గంధకం కొట్టొద్దు, ఆ వాసన పన్నీట్లోకి దిగుతుంది.

పువ్వు తెల్లారకముందే కోయాలి, పొద్దెక్కితే నూనె ఎగిరిపోతుంది. సంచుల్లో కుక్కితే వేడెక్కి పులుస్తుంది. నీడలో పలుచగా పరిచి, అదే పూట బట్టీకెక్కించండి.

100 లీటర్ల రాగి లేదా స్టీలు పాత్రలో 10 కిలోల పువ్వు, 40 లీటర్ల వాననీళ్లో ఆర్‌ఓ నీళ్లో పోయండి. నిమ్మగడ్డి బట్టీలోలాగా ఆవిరి ఒక్కటే పంపితే రేకులు ముద్దకట్టి ఆవిరి దారి మూసుకుపోతుంది. పువ్వు నీళ్లలో తేలాడాల్సిందే. పైగా ఆ బట్టీకి పట్టిన గడ్డి వాసన కడిగినా పోదు. మూత అంచుకు గోధుమపిండి ముద్ద మెత్తి, సన్నమంట పెట్టండి. మంట పెరిగితే నురగ పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది, అడుగున పువ్వు మాడి పొగ వాసన కొడుతుంది. ఆవిరిని చల్లార్చే చుట్టగొట్టం తొట్టిలో నీళ్లు వేడెక్కితే మార్చాలి. దిగే పన్నీరు చేతికి వేడిగా తగలకూడదు. మొదటి 10 లీటర్లు చిక్కటి సరుకు, విడిగా పట్టుకోండి. మరో ఐదు తీసి ఆపేయండి. ఈ రెండోది తర్వాతి బట్టీలో నీళ్లకు బదులు పోస్తే వాసన చిక్కబడుతుంది.

కొత్త పన్నీరు పచ్చి వాసన వేస్తుంది, కొన్ని రోజులకు అదే సర్దుకుంటుంది. ఉడికించి ఆరబెట్టిన గాజు సీసాల్లో మెడ దాకా నింపి చీకట్లో పెట్టండి. లోపల దూదిపింజల్లాంటివి తేలితే బూజు పట్టినట్టే, పారబోయండి.