ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో తొలగిపోయిన డిఫాల్ట్ వెబ్ సైట్‌ను తిరిగి నిలబెట్టడం

చీమకుర్తి గ్రానైట్‌ను గాని నెల్లూరు రొయ్యలను గాని విదేశాలకు పంపే సంస్థ సొంతంగా మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ అయిన ఎక్స్ఛేంజ్ 2016 లేదా 2019ను నడుపుకుంటుంటే, ఐఐఎస్ (విండోస్‌లోని వెబ్ సర్వర్) మేనేజర్‌లో డిఫాల్ట్ వెబ్ సైట్ (మెయిల్ వాడేవారు ముందుగా చేరే సైట్) పొరపాటున తొలగిన వెంటనే అవుట్‌లుక్, వెబ్ మెయిల్, ఫోన్లలోని మెయిల్ అన్నీ నిలిచిపోతాయి. అయితే కొనుగోలుదారులు పంపే మెయిళ్లు ఐఐఎస్‌తో సంబంధం లేకుండా 25వ పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) గుండా వచ్చి మెయిల్‌బాక్సుల్లో చేరుతూనే ఉంటాయి కనుక, సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలన్న ఆలోచనే వద్దు.

ముందుగా సీ డ్రైవ్‌లోని ఇనెట్‌పబ్ లోపలి హిస్టరీ ఫోల్డర్‌ను మొత్తంగా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. సెట్టింగులు మారినప్పుడల్లా ఐఐఎస్ తన కాన్ఫిగరేషన్ ప్రతిని అక్కడ దాస్తుంది. కాని మామూలుగా 10 ప్రతులనే ఉంచుతుంది కాబట్టి, కంగారులో కొత్త సైట్లు సృష్టిస్తూ, చెరుపుతూ పోతే మనకు కావలసిన ప్రతే చెరిగిపోతుంది. ఈ ఒక్క జాగ్రత్త మిగతా పనినంతా తేలిక చేస్తుంది.

తరువాత హిస్టరీ లోపలి ఫోల్డర్లలోని అప్లికేషన్‌హోస్ట్ కాన్ఫిగ్ ఫైళ్లను (ఐఐఎస్ సెట్టింగుల ఫైళ్లను) నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డిఫాల్ట్ వెబ్ సైట్, దాని కింద ఓడబ్ల్యూఏ (వెబ్ మెయిల్), ఈసీపీ (నిర్వహణ పేజీ), ఆటోడిస్కవర్ (అవుట్‌లుక్‌కు సెట్టింగులు అందించేది) ఉన్న చివరి ప్రతిని గుర్తించండి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సిస్టమ్32 లోపలి ఇనెట్‌ఎస్ఆర్‌వీ ఫోల్డర్‌లోకి వెళ్లి, ఇప్పటి స్థితిని ఐఐఎస్ ఆదేశాల సాధనమైన యాప్‌సీఎండీ యాడ్ బ్యాకప్‌తో దాచుకొని, ఆపై యాప్‌సీఎండీ రిస్టోర్ బ్యాకప్ ఆదేశానికి మీరు గుర్తించిన ప్రతి ఉన్న హిస్టరీ ఫోల్డర్ పేరును ఇవ్వండి.

సర్టిఫికెట్ ఏ పోర్టుకు జతపడిందో ఆ ఫైల్‌లో ఉండదు. అందుచేత 443 బైండింగ్‌ను (సైట్‌ను పోర్టుకు కలిపే అమరికను) తెరిచి, సర్టిఫికెట్‌ను చూసి, లేకపోతే మళ్లీ ఎంచుకోండి. 444 పోర్టులోని ఎక్స్ఛేంజ్ బ్యాక్ ఎండ్ సైట్ జోలికి పోవద్దు.

పనికివచ్చే ప్రతి ఏదీ దొరకకపోతే, అదే పేరుతో, 1వ ఐడీతో సైట్‌ను చేతితో సృష్టించాలి; యాక్టివ్ డైరెక్టరీలో (విండోస్ నెట్‌వర్క్ ఖాతాలు, సెట్టింగుల నిల్వలో) ఉన్న, ఓడబ్ల్యూఏ వంటి వర్చువల్ డైరెక్టరీల నమోదులు ఆ ఐడీనే సూచిస్తాయి. ఎక్స్ఛేంజ్‌కు ఆదేశాలిచ్చే రిమోట్ షెల్ కూడా ఈ సైట్ మీదే ఆధారపడుతుంది కనుక, మామూలు పవర్‌షెల్‌లో ఎక్స్ఛేంజ్ స్నాప్-ఇన్‌ను (ఆదేశాల అనుబంధాన్ని) లోడ్ చేసి, పాత లోపలి, బయటి యూఆర్ఎల్‌లను రాసి పెట్టుకున్నాకే ఒక్కొక్క వర్చువల్ డైరెక్టరీని తీసి, మళ్లీ సృష్టించండి.

చివరగా ఐఐఎస్‌ను రీసెట్ చేసి, వెబ్ మెయిల్‌లోను, ఆఫీసు అవుట్‌లుక్‌లోను, ఆఫీసు వైఫై ఆపిన ఫోన్‌లోను విడివిడిగా పరీక్షించండి.