కెమెరా పాఠాలు – 6: కొత్త లెన్స్ కొనే ముందు పాత ఫోటోలను అడగండి

గత పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. ఈ ఏడాది తీసిన వాటిలో మీకు బాగా నచ్చిన 100 ఫోటోలు ఏరి, ఒక్కొక్కటీ లెన్స్ జూమ్ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఉండగా తీశారో (ఈ అంకె పెరిగితే దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది), ఐఎస్‌ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే అంకె, పెరిగినకొద్దీ ఫోటో గరుకవుతుంది) ఎంత ఉందో కాగితం మీద రాయమన్నాను. ఈ వివరాలను కెమెరాయే ప్రతి ఫోటోలోనూ నమోదు చేస్తుంది. కంప్యూటర్‌లో ఫోటో వివరాలు తెరిస్తే కనిపిస్తాయి. ఇంకా రాయనివారు ముందు ఆ పని ముగించి రండి. ఆ కాగితం లేకుండా దుకాణానికి వెళితే, మీకు ఏ లెన్స్ కావాలో దుకాణదారే తేలుస్తాడు.

మీ దగ్గరున్నది కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ అనుకుందాం. అంకెలు ఎక్కువగా 55 దగ్గర గుమిగూడితే మీకు దూరం అందడం లేదు. ఎంత దూరం అందాలో కొనకముందే లెక్క వేసుకోవచ్చు. కెమెరా లోపల బొమ్మ పడే పలక, అంటే సెన్సర్ వెడల్పును వస్తువు ఉన్న దూరంతో గుణించి, లెన్స్ మిల్లీమీటర్లతో భాగిస్తే, ఆ దూరంలో ఎంత వెడల్పు ఫోటోలో పడుతుందో వస్తుంది. ఇలాంటి కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సి రకం సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మి.మీ. నేలపట్టు పక్షుల కేంద్రంలో ఒక గూడబాతు మీకు 40 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 55 దగ్గర 17 మీటర్ల వెడల్పు ఫోటోలోకి వస్తుంది. ఒకటిన్నర మీటరు పొడవుండే పక్షి అందులో ఏ మూలనో ఉంటుంది. 300 దగ్గర ఆ వెడల్పు 3 మీటర్లకు తగ్గుతుంది, పక్షి దాదాపు సగం ఫోటో నింపుతుంది. పక్షుల మీద మనసున్నవారు 300 వరకు వెళ్లే జూమ్ కోసం డబ్బు కూడబెట్టుకోవడం న్యాయమే.

18 దగ్గర గుమిగూడితే ఇంకా ఎక్కువ వెడల్పును పట్టే లెన్స్ అవసరం కావచ్చు. అయితే ఆ ఫోటోలు తీసినప్పుడు వెనక్కి జరగడానికి నిజంగా చోటు లేదా అన్నది ముందు గుర్తు చేసుకోండి.

ఎక్కువమంది కాగితాల్లో కనిపించేది మూడో రకం. అంకెలు 35కూ 55కూ మధ్య ఉంటాయి, ఐఎస్‌ఓ మాత్రం 3200, 6400 అని పలుకుతుంది. అంటే రాత్రి పెళ్లి మండపం, దీపాల వెలుగులో అమ్మమ్మ ముఖం, ఇంట్లో పరుగెత్తే పాప. ఇక్కడ చాలనిది వెలుతురు. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గినకొద్దీ లెన్స్ ఎక్కువగా తెరుచుకుంటుంది). 50 మి.మీ. ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్, అంటే ఒకే అంకె దగ్గర పనిచేసే లెన్స్, దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిస్తుంది. మండపంలో 6400తో గరుకుగా వచ్చిన ఫోటోను అదే షట్టర్ వేగంతో 640 దగ్గర తీయవచ్చు. పెద్ద కంపెనీల లెన్సుల్లో చవకైనవాటిలో ఇదొకటి. తక్కువ డబ్బుతో ఇంత మార్పు తెచ్చే లెన్స్ నాకు మరొకటి తెలియదు.

కానీ దీనికి జూమ్ లేదు. పై లెక్క ప్రకారం 5 మీటర్ల వెడల్పున నిలబడిన బంధువులందరూ ఫోటోలో పట్టాలంటే మీరు పదిన్నర మీటర్లు వెనక్కి వెళ్లాలి. మన ఇళ్లలో అంత హాలు ఎక్కడిది? 35 మి.మీ. అయితే ఏడున్నర మీటర్లు చాలు. ఇంట్లో వాళ్లనే ఎక్కువగా తీసేవారికి 35 మేలని నా అభిప్రాయం.

లెన్స్ మీ కెమెరాకు అమరి, పూర్తిగా పనిచేయాలి. నికాన్ డీ3500, డీ5600 లాంటి కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్ వాటికి బిగుస్తుంది కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. వాటికి లెన్స్‌లోనే మోటారు ఉండే ఏఎఫ్-ఎస్ రకం అడగండి. కానన్‌లో పాత ఈఎఫ్ మౌంట్‌కూ (లెన్స్ బిగించే చోటుకూ) సెన్సర్‌కూ మధ్య 44 మి.మీ. దూరం ఉంటుంది, కొత్త ఆర్ఎఫ్‌లో 20 మాత్రమే. మిగిలిన 24 మి.మీ.లను ఒక అడాప్టర్ భర్తీ చేస్తుంది కాబట్టి పాత లెన్స్ కొత్త కెమెరాకు పనికొస్తుంది. కొత్త లెన్స్ పాత కెమెరాకు పనికిరాదు.

వాడిన లెన్స్ కొనేటప్పుడు జేబులో టార్చి ఉండాలి. నా మొదటి పాత లెన్స్‌ను అలా చూడకుండానే కొన్నాను. ఇంటికొచ్చి కిటికీ వెలుగులో పట్టి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు లాంటి సన్నని పోగులు. అది బూజు. ఎదురు వెలుగులో తీసిన ప్రతి ఫోటోలోనూ పాలపొర కమ్మేది. ఆ డబ్బు కంటే, దానితో తీసిన మా తాతగారి ఫోటోలు పాడైనందుకే నాకు ఇప్పటికీ బాధ. ఒక చివర నుంచి టార్చి వేసి రెండో చివర నుంచి చూడండి. రెండు మూడు దుమ్ము రేణువులతో ఇబ్బంది లేదు. పోగులు, మసక కనిపిస్తే ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ముందు గాజు మీది చిన్న గీత కంటే వెనక గాజు మీది గీత ప్రమాదకరం.

అందుకే ఉపకరణాల్లో మొదటిది తేమ నుంచి కాపాడే డబ్బా. కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల వారికి ఇది మరీ ముఖ్యం. గాలి చొరబడని వంటింటి ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు ఉంటే చాలు. తేమ 40-50 శాతం మధ్య ఉండాలి. లెన్సును తోలు సంచిలో నెలల తరబడి ఉంచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. యూవీ ఫిల్టర్ ఫిల్ము రోజుల అవసరం, డిజిటల్ కెమెరాకు దాని బదులు హుడ్, అంటే లెన్స్ ముందు తగిలించే తొడుగు మేలు. నీటి మీద, ఆకుల మీద మెరుపును తగ్గించే పోలరైజర్ పనిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా చేయలేదు.

వచ్చే పాఠం ట్రైపాడ్ గురించి. ఈలోపు, ఏ ప్రైమ్ కొనాలనుకున్నారో ఆ అంకె దగ్గర మీ కిట్ లెన్స్‌ను నిలిపి, జూమ్ రింగు కదలకుండా టేపు అంటించి, వారం రోజులు అలాగే తీయండి. టేపు పీకేయాలనిపించిన ప్రతిసారీ ఎక్కడున్నారో, ఏం తీయబోయారో కాగితం మీద రాసుకోండి.