పైకప్పు మరమ్మతు నేర్చుకుందాం – 3వ పాఠం: బకెట్ల లెక్క

మొదటి రెండు పాఠాల్లో నీరు ఎక్కడ దిగుతోందో వెతికాం. మరక గది మధ్యలో ఫ్యాన్ హుక్ దగ్గర కనిపించినా, నీరు దిగే చోటు పిట్టగోడ మొదట్లోనో, తూము చుట్టూనో ఉండొచ్చని చూశాం. మీ డాబా బొమ్మ గీసి అనుమానం ఉన్న చోట్ల గుర్తులు పెట్టుకున్నారు కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి నీరు దిగకుండా డాబా మీద వేసే మెటీరియల్ ఎంచుకోవడం, కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్‌లో ఏముందో తేల్చుకోవడం నేర్చుకుందాం.

ఏ కంపెనీది మంచిదని అందరూ అడుగుతారు. దానికంటే ముందు తెలియాల్సింది మీ డాబా మీద నీరు నిలుస్తుందా అన్నది. వాన వెలిసి రెండు రోజులైనా మడుగు ఎండకపోతే అక్కడ వాటం సరిగా లేదు. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. అలాంటి చోట పెయింట్‌లా పూసే అక్రిలిక్ కోటింగ్ వేస్తే కొన్నాళ్లకే ఉబ్బి, పొరలుగా లేచిపోతుంది. ముందు వాటం సరిచేయించండి. పైన టైల్స్ వేసే ఆలోచన ఉంటే, పౌడరూ ద్రవమూ కలిపి పూసే పాలిమర్ సిమెంట్ కోటింగ్ నయం. టైల్స్ దాన్ని బాగా పట్టుకుంటాయి. ఎండకూ చలికీ కదిలే పగుళ్లున్న డాబాకు పాలీయురేథేన్, అంటే పీయూ కావాలి. అది బాగా సాగుతుంది. కానీ కింద చెమ్మ ఉంటే బుడగలు పోస్తుంది. పీయూలో కొన్ని రకాలు ఎండకు తట్టుకోవు, వాటి మీద మరో పూత తప్పదు. బిటుమెన్ (తారు) షీట్ల సంగతి వేరు. మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు, మంటతో అతికిస్తారు. ఒక షీట్ పక్కదాని మీదకు పది సెంటీమీటర్లు ఎక్కాలి. అతుకులో ఒక్క చోట మంట సరిగా తగలకపోయినా నీరు షీట్ కిందికి దూరుతుంది. ఎక్కడ దూరిందో తర్వాత కనిపెట్టడం మహా తలనొప్పి.

పాత పొరల మీద ఇంకో కాంక్రీట్ పొర పోసేద్దాం అనే మేస్త్రీ మాట మాత్రం వినకండి. అయిదు సెంటీమీటర్ల కాంక్రీట్ చదరపు మీటరుకు 100 కిలోలు దాటుతుంది. ఆ బరువు స్లాబ్ మోయగలదో లేదో ఇంజినీర్ చెప్పాలి.

ఇక అసలు పాఠం. కొటేషన్‌లో సాధారణంగా "వాటర్‌ప్రూఫింగ్, రెండు కోట్లు, చదరపు అడుగుకు ఇంత" అని ఉంటుంది. ఇందులో మీకు పనికొచ్చే సమాచారం దాదాపు సున్నా. రెండు కోట్లు, అంటే రెండు పూతలు. కానీ ఎంత మందం? నీళ్లు కలిపి పల్చగా లాగినా అవి రెండు కోట్లే.

ఒక లెక్క గుర్తుంచుకోండి. ఒక లీటరు మెటీరియల్‌ను ఒక చదరపు మీటరు మీద సమంగా పరిస్తే తడి మందం సరిగ్గా ఒక మిల్లీమీటరు. ఆరాక అంత మిగలదు. ఎంత మిగులుతుందో కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో, అంటే డేటా షీట్‌లో, "వాల్యూమ్ సాలిడ్స్" అన్న చోట ఉంటుంది. అది 50 శాతమైతే ఒక మిల్లీమీటరు తడి పూత అర మిల్లీమీటరుగా ఆరుతుంది.

దీన్ని ఒక డాబాకు వర్తింపజేద్దాం. 25 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. నేల వెయ్యి చదరపు అడుగులు. పూత పిట్టగోడ మీదకు కూడా ఒక అడుగు ఎక్కాలి, చుట్టుకొలత 130 అడుగులు కాబట్టి ఇంకో 130. మొత్తం 1,130 చదరపు అడుగులు, అంటే 105 చదరపు మీటర్లు. ఆరాక ఒక మిల్లీమీటరు ఉండాలని డేటా షీట్ చెబితే, వాల్యూమ్ సాలిడ్స్ 50 శాతమే అనుకుంటే తడిగా రెండు మిల్లీమీటర్లు పూయాలి. 210 లీటర్లు. ఇరవై లీటర్ల బకెట్లు పదకొండు.

నాలుగు బకెట్లు దిగాయనుకోండి. 80 లీటర్లను 105తో భాగిస్తే తడి మందం 0.76 మిల్లీమీటర్లు, ఆరాక 0.4 కూడా ఉండదు. ఆ పని చూడ్డానికి తెల్లగా మెరిసిపోతుంది, మొదటి నెలలో ఎవరికీ తేడా తెలియదు. చవక కొటేషన్ చవకగా ఎలా వచ్చిందో చాలాసార్లు ఈ భాగహారంలోనే బయటపడుతుంది.

ఒక మెలిక ఉంది. చాలా కోటింగ్‌లు కిలోల్లో అమ్ముతారు. సాంద్రత 1.3 అయితే, అంటే లీటరు 1.3 కిలోలు తూగితే, 20 కిలోల బకెట్‌లో ఉండేది 15 లీటర్లకు కాస్త పైన, అంతే. సాంద్రత కూడా డేటా షీట్‌లోనే చూసుకోండి.

కొటేషన్ మళ్లీ రాయించండి. మెటీరియల్ పేరు, ఆరాక మందం, మొత్తం లీటర్లు, ఎన్ని కోట్లు, ప్రైమర్ (పట్టు కోసం ముందు వేసే పూత) ఉందా లేదా, పిట్టగోడ మీదకు ఎంత ఎత్తు. ఇవి రాయడానికి తటపటాయించేవాడితో అక్కడితో ఆపేయొచ్చు. రెండు కోట్లు రెండు రంగుల్లో వేయమనండి, పూత పడని చోటు కళ్లకే కనిపిస్తుంది. సీల్ తీయని బకెట్లు మీ ముందే లెక్కపెట్టించండి, ఖాళీ బకెట్లు పని అయ్యేదాకా కదలనివ్వొద్దు. ఇది అనుమానించడం కాదు, సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకోమా?

మనిషిని ఎంచుకోవడానికి నాకు తెలిసిన మంచి గుర్తు ఒకటే: రేటు చెప్పేముందు అతను ఏమేం అడిగాడు? పైకి ఎక్కి, కింద గదులు చూసి, పాత పొరల సంగతి అడిగి, నేలను గీకి శుభ్రం చేయడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పేవాడు పని తెలిసినవాడు. ఫోన్లో ఫొటో చూసి రేటు చెప్పేవాడికి మీ డాబా గురించి మీకంటే తక్కువ తెలుసు. అతను చేసిన పనులు చూడాలంటే పోయిన నెలవి వద్దు, కనీసం రెండు వానాకాలాలు దాటినవి అడగండి. గ్యారంటీ కాగితం ఇస్తే అది మెటీరియల్‌కా, పనితనానికా అన్నది చదవండి. మెటీరియల్‌కు మాత్రమే అయితే లీకైనప్పుడు తప్పు పూసినవాడిదని కంపెనీ, సరుకుదని పూసినవాడు అంటారు.

చివరి వాయిదా డబ్బు నీటి పరీక్ష అయ్యాకే. పూత పూర్తిగా గట్టిపడ్డాక తూము మూసి, రెండున్నర సెంటీమీటర్ల నీరు 24 నుంచి 48 గంటలు నిలపాలి. ఆ నీరే చదరపు మీటరుకు 25 కిలోలు. కాబట్టి కింద పెచ్చులూడి చువ్వలు బయటపడ్డ స్లాబ్ మీద ఈ పరీక్ష చేయొద్దు. అలాంటి స్లాబ్‌కు కోటింగ్ మందు కాదు. దాని సంగతి వచ్చే పాఠంలో.

ఈలోగా ఒక లెక్క చేయండి. డాబా 20 అడుగులు × 30 అడుగులు, పిట్టగోడ మీదకు ఒక అడుగు. నాలుగు 20 కిలోల బకెట్లు, సాంద్రత 1.3, వాల్యూమ్ సాలిడ్స్ 50 శాతం. ఆరిన మందం అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ వస్తే మీ లెక్క సరైనదే. ఒక మిల్లీమీటరుకు దగ్గరగా వస్తే, ఆరాక తగ్గే మందం మరిచారేమో చూసుకోండి.