పాథాలజీ ల్యాబ్‌కు ఫ్లోరసెంట్ స్లైడ్ స్కానర్ ఎలా ఎంచుకోవాలి?

మెరిసే రంగులు వేసిన టిష్యూ స్లైడ్లను ఫోటో తీసి కంప్యూటర్ స్క్రీన్ మీద చూపే యంత్రమే ఈ స్కానర్. బ్రోచర్లు తెరిచేముందు, దానితో మీకున్న పనేమిటో కాగితం మీద రాసుకోండి. కిడ్నీ బయాప్సీల్లో ఐజీజీ, ఐజీఏ, సీ3 అనే రోగనిరోధక ప్రోటీన్లు చూడటానికా? రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 ఫిష్‌కా (హెర్2 జన్యువు ప్రతులను మెరిసే చుక్కలుగా చూపే పరీక్ష)? మిగతాదంతా దీన్నిబట్టే ఉంటుంది.

1. లెన్స్: కిడ్నీ, చర్మం బయాప్సీలకు మంచి 20ఎక్స్ లెన్స్ చాలావరకు సరిపోతుంది. ఫిష్‌కు చాలదు. ఆ చుక్కలు కేంద్రకంలో వేర్వేరు లోతుల్లో ఉంటాయి కాబట్టి 40ఎక్స్ లేదా అంతకు మించినది కావాలి, జెడ్-స్టాక్ (వేర్వేరు లోతుల్లో వరుసగా ఫోటోలు తీయడం) కూడా ఉండాలి.

2. కాంతి, ఫిల్టర్లు: మీరు వాడే డాపీ (కేంద్రకాలను చూపేది), ఎఫ్ఐటీసీ, సై3 అనే మెరిసే రంగులకు ఫిల్టర్లు సరిపోతాయో లేదో చూడండి. ఎల్ఈడీ కాంతి ఉన్నదే తీసుకోండి. ఎఫ్ఐటీసీ వెలుగు తగిలేకొద్దీ వెలిసిపోతుంది. ఒకే స్లైడ్‌ను రెండుసార్లు స్కాన్ చేయించి ఎంత తగ్గిందో పోల్చండి.

3. డెమో: అసలు పరీక్ష ఇదే. కంపెనీ తెచ్చిన స్లైడ్లు వద్దు, మీవే ఇవ్వండి. బాగా మెరిసే 3+ ఒకటి, మసకగా ఉండే 1+ ఒకటి, పూర్తి నెగెటివ్ ఒకటి. నెగెటివ్ స్లైడ్ అంతా చీకటే. టిష్యూ ఎక్కడుందో తెలియక కొన్ని మెషీన్లు దాన్ని వదిలేసి ముందుకు పోతాయి. డాపీ ఆధారంగా వెతకడమో, మనమే హద్దు గీసి ఇవ్వడమో వీలుండాలి. ఆటో ఎక్స్‌పోజర్‌తో ఇంకా పెద్ద ప్రమాదం. వెలుగు లేనిచోట కెమెరా తానే వెలుగు పెంచి, నెగెటివ్‌ను పాజిటివ్‌లా చూపిస్తుంది. రోగి స్లైడ్‌కూ, ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ స్లైడ్‌కూ ఒకే ఎక్స్‌పోజర్ బిగించే వీలు లేకపోతే, ఎంత చౌకగా ఇచ్చినా ఆ మెషీన్ వద్దనే అంటాను. రిపోర్టులో రాసే 1+, 2+ల మీదే నెఫ్రాలజిస్టు మందు నిర్ణయం ఆధారపడొచ్చు.

4. స్టోరేజీ: 15 మిల్లీమీటర్ల చదరాన్ని పిక్సెల్‌కు 0.25 మైక్రాన్ చొప్పున స్కాన్ చేస్తే 360 కోట్ల పిక్సెళ్లు. 16 బిట్లలో ఒక్కో రంగుకు 7.2 జీబీ, మూడు రంగులకు కంప్రెస్ చేయకముందు 21 జీబీ పైమాటే. సర్వర్ ఖర్చు కూడా కొటేషన్‌లో కలిపి చూడండి. ఫైళ్లు డైకామ్ లేదా ఓఎంఈ-టిఫ్ అనే అందరూ వాడే ఫార్మాట్లలో బయటికి రావాలి.

5. అనుమతి, సర్వీసు: పరిశోధనకు మాత్రమే అని ముద్రించిన మెషీన్లు ఉంటాయి, లేబుల్ చదవండి. ఇంజనీరు ఏ ఊరి నుంచి వస్తారో రాయించుకోండి.

6. వ్యాలిడేషన్ (స్కానర్ ఫలితం మైక్రోస్కోప్‌తో సరిపోతోందో చూడటం): అమెరికా పాథాలజిస్టుల కాలేజీ, క్యాప్, కనీసం 60 కేసులు చూడమంటుంది. స్క్రీన్ మీద ఒకసారి, మైక్రోస్కోప్ కింద ఒకసారి, మధ్యలో కనీసం 2 వారాల విరామం. ఆ పోలిక పూర్తయ్యేదాకా పాత ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌ను తీసేయకండి.