రికార్డు ఎక్కించేటప్పుడు వచ్చే గుంయ్ రొద ఎక్కడిదో ముందు పట్టుకోండి

ఇంట్లో పాత ఎల్పీలు కంప్యూటర్లోకి ఎక్కిద్దామని కూర్చుంటే పాటకంటే ముందు గుంయ్‌మని రొద వినిపిస్తోందా? తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేద్దాంలే అని మాత్రం మొదలుపెట్టకండి. నేను అలాగే ఓ పదిహేను రికార్డులు ఎక్కించేసి, అన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకున్నాను.

ముందు ముల్లు రికార్డుకు ఆనకుండా, ఆర్మ్‌ను స్టాండు మీదే ఉంచి వాల్యూమ్ పెంచి వినండి. అప్పుడు కూడా రొద ఉంటే అది కరెంటుది. ముల్లు ఆనినప్పుడే వస్తుంటే మోటారు, బేరింగుల అదురు కావచ్చు, రికార్డులోనే ఉండొచ్చు, దానికి వైర్లు మార్చి లాభం లేదు.

క్యాట్రిడ్జ్ (ఆర్మ్ చివర ముల్లును పట్టుకుని ఉండే చిన్న భాగం) నుంచి వచ్చేది మామూలుగా నాలుగైదు మిల్లీవోల్టులే. ఫోనో ప్రీఆంప్ దాన్ని సుమారు వంద రెట్లు పెంచుతుంది, పైగా రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ను తిరిగి పెంచాలి కాబట్టి, మన కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర ఏం దూరినా మధ్య స్వరాలకంటే ఇంకో ఏడు రెట్లు ఎక్కువగా పెరుగుతుంది. అందుకే టేప్‌రికార్డర్‌కు రాని రొద దీనికి వస్తుంది.

టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) వెనక ఆర్‌సీఏ వైర్లతోపాటు, అంటే ఎడమ, కుడి ఛానెళ్ల ఆడియో వైర్లతోపాటు, ఒక సన్నటి ఎర్త్ వైరు ఉంటుంది, అది ప్రీఆంప్ మీది గ్రౌండ్ స్క్రూకి బిగించాలి. లోహపు ఆర్మ్‌ను వేలితో ముట్టుకుంటే రొద మారుతోందంటే ముందు అనుమానించాల్సింది ఈ వైరునే. (ప్రీఆంప్ లోపలే ఉన్న మోడళ్లలో చాలావాటికి ఈ వైరు ఉండదు, వెతుక్కోకండి.) రొద ఒక్క ఛానెల్లోనే ఉంటే, ప్రీఆంప్ దగ్గర ఎడమ, కుడి పిన్నులు మార్చి చూడండి. రొద కూడా అటు మారితే తప్పు టర్న్‌టేబుల్ వైపు ఉన్నట్టు: వైరో, క్యాట్రిడ్జ్ వెనకున్న నాలుగు బుల్లి పిన్నుల్లో వదులైనదో.

ఇప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి. రొద ఠక్కున ఆగిపోయిందా? అది గ్రౌండ్ లూప్, అంటే ల్యాప్‌టాపూ ఆంప్లిఫయరూ రెండు దారుల్లో ఎర్త్‌కి కలిసి మధ్యలో కరెంటు తిరుగుతోంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి చూడండి. లేదంటే బ్యాటరీ మీదే రికార్డు చేయండి, ఒక వైపు ఎంతసేపు, ఇరవై నిమిషాలు! అదీ కుదరకపోతే ప్రీఆంప్‌కీ సౌండ్ కార్డుకీ మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (పాటను పంపుతూనే రెండువైపుల ఎర్త్‌లను విడదీసేది) పెట్టొచ్చు, ప్రీఆంప్ ముందు మాత్రం వద్దు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకండి, షాక్ కొట్టేది మీకే.

ఇన్ని చేశాక కాస్త మిగిలితే అప్పుడు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ప్రతి వైపూ మొదలెట్టే ముందు ముల్లు పైకుండగానే పది సెకన్లు రికార్డు చేసుకుని, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గీసి చూపే ప్లాట్ స్పెక్ట్రమ్‌లో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ఏది లేచి ఉందో చూసి, దానికి మాత్రమే సన్నగా నాచ్ ఫిల్టర్ (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గరే కోసేది) వేయండి. వెడల్పుగా కోస్తే ఘంటసాల గొంతులోని ఆ గాంభీర్యం కూడా కొంత పోతుంది.

నా దగ్గర దొంగ ఎవరో తెలుసా? ప్రీఆంప్ పక్కనే పెట్టుకున్న పాత బరువైన అడాప్టర్. రెండడుగులు జరిపితే సరిపోయింది.